పదం, పదార్థం, పాఠశాల: ఉక్కు విద్య ఎవరిది?

ప్రవేశిక

హైదరాబాదు నుంచి ముంబయి వెళ్ళే జాతీయ రహదారి మీద మియాపూర్ దాటాక, రామచంద్రాపురానికి ముందు చందానగర్ వస్తుంది. శేరిలింగంపల్లి పురపాలక సంఘం పరిధిలో ఉన్న ఈ ప్రాంతం 2007లో మహానగర పాలక సంస్థలో కలిసింది. దీనికి పడమట 1960ల నాటి భెల్ కర్మాగారం, దక్షిణాన గచ్చిబౌలి విశ్వవిద్యాలయాలు, ఆగ్నేయాన 1998లో సైబర్ టవర్స్‌తో మొదలైన హైటెక్ సిటీ ఉన్నాయి. రహదారి వెంట ఇంకా ముందుకు పోతే పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్, సంగారెడ్డి దగ్గర కందిలో ఐఐటి కనిపిస్తాయి. ఒక్క హైదరాబాదు విశ్వవిద్యాలయాన్నే తీసుకున్నా పదార్థ విజ్ఞానానికి, విద్యాశాస్త్రానికి, సామాజిక బహిష్కరణ అధ్యయనానికి వేర్వేరు విభాగాలు ఒకే ప్రాంగణంలో ఉన్నాయి. తెలుగు శాఖ కూడా అక్కడే ఉంది.

ఈ విభాగాలు పరిశోధించే విషయాలు పరస్పరం సంబంధం లేనివిగా కనిపిస్తాయి. లోహపు అంతర్నిర్మాణాన్ని సూక్ష్మదర్శినిలో చూసేవారికి కులంతో పనిలేదు. బడి మానేసిన పిల్లల లెక్క తీసేవారికి లోహంతో పనిలేదు. తెలుగు పరిశోధకులకు ఈ రెండూ బయటి విషయాలే అని ఒక అలవాటైన అభిప్రాయం. అయితే తెలంగాణ నేల మీద ఈ మూడు విషయాలూ ఒకే చోట, ఒకే వస్తువులో కలిసి ఉన్న సందర్భం ఒకటుంది. ఆ వస్తువు ఉక్కు. దాన్ని తయారుచేసిన జ్ఞానం తెలుగులో పుట్టి, తెలుగులో సాగి, తెలుగు బడిలోకి రాకుండానే అంతరించింది. ఆ అంతర్ధానంలో భాషకూ వాటా ఉందని, కనుక దాన్ని విచారించే బాధ్యత తెలుగు పరిశోధనకు కూడా ఉందని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పదార్థం అనే మాట

పదార్థ విజ్ఞానం అనే పేరులోనే పదం ఉంది. వైశేషిక దర్శనంలో పదార్థమంటే పదానికి అర్థమైనది, పదంతో చెప్పదగినది. ద్రవ్యం, గుణం, కర్మ, సామాన్యం, విశేషం, సమవాయం అనే ఆరింటినీ, తరువాత చేరిన అభావాన్నీ ఆ దర్శనం పదార్థాలుగా లెక్కించింది. ఆ లెక్కలో చేతికి తగిలే ద్రవ్యం ఒక్కటే పదార్థం కాదు, దాని గుణమూ పదార్థమే, దానికి జరిగే కర్మా పదార్థమే. తెలుగు ఇళ్ళలో ఈ మాట వంటింటికి చేరి, విస్తట్లో వడ్డించినదానికి పేరైంది. ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్ళలో శాస్త్ర గ్రంథాలు తెలుగులో రాయాలనే సంకల్పం బలపడినప్పుడు భౌతిక శాస్త్రానికి పదార్థ విజ్ఞానమనే పేరు వాడుకలోకి వచ్చింది. ఆ సంకల్పానికి రూపమిచ్చిన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి 1906లో హైదరాబాదులోనే మొదలైంది.

ఈ పెద్ద మాట పక్కనే చిన్న మాటలు కొన్ని ఉన్నాయి. వాటిలో మొదటిది ‘మూస’. లోహాన్ని కరిగించే మట్టిపాత్రకు అది పేరు. ఇప్పటి సాహిత్య విమర్శలో మూస కథ, మూస ధోరణి అన్నప్పుడు కొత్తదనం లేకపోవడమే అర్థం. కమ్మరికి ఒక లోహం మరో లోహంగా మారే చోటు ఏదో, విమర్శకుడికి ఏమీ మారని చోటు అదే అయింది. రెండోది ‘పదును’. వాన పడ్డాక నేల దున్నడానికి అనువుగా ఉన్న తేమ పదును. కత్తి అంచుకు ఉన్న వాడి పదును. కాల్చి ముంచిన ఇనుముకు వచ్చే గట్టిదనం కూడా పదునే. మట్టికీ లోహానికీ ఒకే మాట ఎందుకు పట్టిందని ఆలోచిస్తే, వస్తువు పనికి లొంగే స్థితికి, పనికి వచ్చే స్థితికి రైతూ కమ్మరీ పంచుకున్న ఒక భావన బయటపడుతుంది. పాఠ్యపుస్తకాలు కాఠిన్యం, తన్యత, ఆర్ద్రత అని విడదీసి చెప్పే గుణాలను ఈ భావన పని వైపు నుంచి చూసి ఒకటిగా పట్టుకుంటుంది. మూడోది ‘చిట్టెం’. ఇనుపరాయి నుంచి లోహం తీశాక మిగిలే మడ్డి అది. ఉత్తర తెలంగాణ పల్లెల్లో పాత కొలుముల ఆనవాళ్ళు వెతికే పురావస్తు పరిశోధకులకు ఈ చిట్టెపు కుప్పలే మొదటి సాక్ష్యం.

ఈ మాటలన్నీ నిఘంటువుల్లో ఉన్నాయి. బ్రౌన్ 1852 నాటి నిఘంటువులో ఉక్కు అనే ఆరోపం ఉంది. మాటలు దొరకకపోవడం సమస్య కాదు. ఆ మాటలు ఎవరి నోట పుట్టాయో వారి పని, ఆ పని వెనుక ఆలోచన నిఘంటువులో చేరకపోవడం సమస్య.

కోనసముద్రం మూసలు

నిజామాబాదు జిల్లా కమ్మర్‌పల్లి ప్రాంతంలోని కోనసముద్రం ఒకప్పుడు పర్షియా వర్తకులు ఉక్కు కోసం వెతుక్కుంటూ వచ్చిన ఊరు. డమాస్కస్ పేరుతో ప్రసిద్ధమైన కత్తులకు కావలసిన ఉక్కు దక్కను నుంచి పశ్చిమాసియాకు వెళ్ళేది. ఇనుపరాతిని కొలిమిలో కాల్చి ముద్ద తీసేవారికి ముద్ద కమ్మర్లని పేరు. ఆ ఇనుమును మూసలో పెట్టి ఉక్కుగా మార్చడం తరువాతి దశ. మహా త్రికోణమితి సర్వేలో వైద్యుడుగా, భూవిజ్ఞానిగా పనిచేసిన హెన్రీ వాయ్‌సీ కోనసముద్రంలో ఈ పనిని కళ్ళారా చూసి రాసిపెట్టాడు. 1824లో ఆయన మరణించాక, 1832లో ఆ కథనం బెంగాల్ ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. రెండు రకాల ఇనుమును కలపడం, మూసను మూసివేసి చాలా గంటలపాటు తీవ్రమైన వేడిలో ఉంచడం, నిదానంగా చల్లారనివ్వడం, వచ్చిన ఉక్కు బిళ్ళను తిరిగి కాచి మెత్తబరచడం అందులోని ముఖ్యమైన దశలు.

మూస తయారీ ఆ విద్యలో సగం. బంకమట్టిలో వరిపొట్టు కలిపి మూసలు చేసేవారు. గాలి ఆడని వేడిలో ఆ పొట్టు మాడి బొగ్గవుతుంది, దానిలోని సిలికా మట్టిలో మిగిలిపోతుంది. దక్కను మూసల ముక్కలను థెల్మా లో, ఆమె సహపరిశోధకులు 1990 ప్రాంతంలో ఆధునిక పరికరాలతో పరీక్షించి, అది తంతువులతో బలపడిన మిశ్రమ పదార్థమని నిరూపించారు. వడ్లు దంచాక ఊరంతా పారేసే పొట్టు, ఇనుము కరిగే వేడిని తట్టుకునే పాత్రకు వెన్నెముక అయింది. మాగాణి ఉన్న దేశంలో, పొట్టు విలువ తెలిసినవారి మధ్యే ఇలాంటి ఆలోచన పుడుతుంది. పదార్థ విజ్ఞానం స్థానిక సంస్కృతిలో భాగంగా ఉండడమంటే ఇదే.

ఈ ఉక్కులో కర్బనం ఒకటి నుంచి రెండు శాతం దాకా ఉంటుంది. అంత కర్బనం ఉన్న ఉక్కును సాగగొట్టడం చాలా కష్టం. వేడి ఎక్కువైతే పొడిపొడి అవుతుంది, తక్కువైతే పగులుతుంది. ఆ రెండింటి మధ్య ఉన్న ఇరుకైన మేరను ఉష్ణమాపకం లేకుండా, కాలిన లోహపు రంగు చూసి పట్టుకోవాలి. అలా సాగగొట్టిన కత్తుల మీద అలలవంటి చారలు తేలతాయి. ఆ చారలకు ఉక్కులో లేశమాత్రంగా ఉండే వెనేడియం వంటి మూలకాలు కారణమని అమెరికా పరిశోధకుడు వెర్హోవెన్, కత్తుల తయారీదారు పెండ్రే కలిసి 1990లలో ప్రయోగాలతో చూపారు. 2006లో డ్రెస్డెన్ పరిశోధకులు ఒక పాత డమాస్కస్ కత్తిలో కర్బన నానో నాళికల ఆనవాళ్ళు చూశామని ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. ఆ వార్త మనదేశంలో పూర్వీకుల ఘనతగా ప్రచారమైంది. ఆ పూర్వీకులు ఏ వాడలో ఉండేవారు, వారి మనుమలు ఏ బడిలో చదివారు అనే ప్రశ్న మాత్రం ఆ ప్రచారంలో వినిపించలేదు.

ఇద్దరు కమ్మరి బిడ్డలు

ఈ ఉక్కు పద్దెనిమిదో శతాబ్ది చివర లండన్ చేరింది. బొంబాయి నుంచి హెలెనస్ స్కాట్ అనే వైద్యుడు రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు నమూనాలు పంపాడు. 1795లో జార్జి పియర్సన్ వాటి మీద పరిశోధన పత్రం చదివాడు. ఆ పత్రాల్లో ఈ లోహానికి ‘వూట్జ్’ అనే పేరు స్థిరపడింది. ఉక్కు అనే దక్షిణాది మాట చెవి మారి, రాత మారి ఇలా అయిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ఆ మాట తెలుగు కన్నడాలకు ఉమ్మడిది. ఈనాటికీ పదార్థ విజ్ఞాన గ్రంథాల్లో ఆ లోహానికి ఆ పేరే. దక్షిణాది కొలిమి నుంచి ప్రపంచ శాస్త్ర పరిభాషలోకి వెళ్ళిన మాటల్లో ఇది ముఖ్యమైనది. మాటకు దొరికిన ఆ ప్రవేశం దాన్ని పలికినవారికి దొరకలేదు. లండన్ చేరిన బిళ్ళల వెంట వాటిని చేసినవారి పేర్లు చేరలేదు.

తరువాతి ఘట్టం మరింత ఆలోచింపజేస్తుంది. 1819లో మైకేల్ ఫారడే ఈ ఉక్కును విశ్లేషించి పత్రం రాశాడు. జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారుతో కలిసి 1822 దాకా ఉక్కు మిశ్రమాల మీద ప్రయోగాలు సాగించాడు. విద్యుత్తు మీద చేసిన పనితో జగత్ప్రసిద్ధుడు కాకముందు ఫారడే మునిగిన పెద్ద పరిశోధన ఇదే. ఆయన వేసుకున్న ఊహల్లో కొన్ని నిలబడలేదు. ఆ ఉక్కు గొప్పదనానికి అల్యూమినియం, సిలికాలు కారణమనుకున్నాడు. అసలు రహస్యం కర్బనంలో, చల్లార్చే తీరులో, సాగగొట్టే తీరులో ఉందని తరువాతి కాలం తేల్చింది.

ఫారడే స్వయంగా కమ్మరి కొడుకు. బడిచదువు పెద్దగా లేదు. పద్నాలుగో ఏట పుస్తకాలు కుట్టే దుకాణంలో పనికి కుదిరాడు. కుట్టడానికి వచ్చిన పుస్తకాలు చదివాడు. 1812లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విని, రాసుకున్న నోట్సును కుట్టి ఆయనకే పంపాడు. 1813లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ప్రయోగశాల సహాయకుడయ్యాడు. ఇంగ్లండులో వర్గభేదం లేదని దీనివల్ల చెప్పలేం. డేవీ వెంట ఐరోపా పర్యటనకు వెళ్ళినప్పుడు ఫారడే నౌకరు పనులు చేయవలసి వచ్చింది. అయినా అక్కడ ఒక సన్నని దారి ఉంది. పుస్తకం తన భాషలో ఉంది. ఉపన్యాసం తన భాషలో ఉంది. చేతిపని తెలిసినవాడికి ప్రయోగశాలలో పని ఉంది. ఈ మూడూ కలిసినచోట కమ్మరి కొడుకు శాస్త్రవేత్త అయ్యాడు.

ఆ సంవత్సరాల్లోనే కోనసముద్రంలోనూ కమ్మరి పిల్లలు తిత్తులు ఊదుతూ, రంగు చూసి వేడి పట్టడం నేర్చుకుంటూ ఉండి ఉండాలి. వారికి ఆ మూడు ఆధారాల్లో ఒక్కటీ లేదు. చదువు సంస్కృతంలోనో పారశీకంలోనో ఉంది, దాని విషయం వేరు. లోహం గురించిన జ్ఞానం తెలుగులో ఉంది, దానికి చదువనే పేరు లేదు. లండన్‌లో ఒక కమ్మరి కొడుకు విశ్లేషిస్తున్న వస్తువును ఇక్కడ ఇంకొక కమ్మరి కొడుకు తయారుచేస్తున్నాడు. విశ్లేషించడం పరిశోధన అయింది, తయారుచేయడం కులవృత్తిగా మిగిలింది.

కులవిద్య అనే చిక్కు

‘కులవిద్య’ అనే మాటలో విద్య ఉంది. కనుక తెలుగు సమాజం ఆ జ్ఞానాన్ని విద్యగా గుర్తించిందని ఎవరైనా వాదించవచ్చు. కాని ఆ సమాసంలో కులం ముందు, విద్య వెనుక ఉంది. విద్యకు కులం హద్దయింది. తండ్రి నుంచి కొడుక్కు వచ్చి, ఆ వాకిలి దాటకపోవడం వల్ల ఆ విద్యకు రెండు నష్టాలు కలిగాయి. బయటివారి ప్రశ్న దాని మీద పడలేదు, కనుక ఎందుకు అనే విచారం లోపలే ఉండిపోయింది. అది రాతలోకి రాలేదు, కనుక పని ఆగిన తరంతోనే జ్ఞానం కూడా ఆగింది. విదేశాల నుంచి చౌక ఇనుము దిగుమతి కావడం, కొలిమికి కావలసిన బొగ్గు దొరకడం కష్టం కావడం వంటి ఆర్థిక కారణాలు పనిని ఆపాయి. పని ఆగినా జ్ఞానం మిగలడానికి బడి, పుస్తకం కావాలి. ఆ రెండూ కులవిద్యకు లేవు.

కాబట్టి కొలిమి జ్ఞానాన్ని కీర్తించి ఊరుకోవడం ఈ చిక్కుకు పరిష్కారం కాదు. ఆ జ్ఞానాన్ని కాపాడిన కులవ్యవస్థే దాన్ని బంధించింది. స్త్రీలకు అందులో ఎంత వాటా ఉందో చెప్పే ఆధారాలు కూడా మనకు మిగల్చలేదు. 1970లో అనంతరామన్ కమిషన్ నివేదిక తరువాత వెనుకబడిన తరగతుల జాబితాలో కమ్మరి, వడ్రంగి, కంచరి, కంసాలి, శిల్పులు విశ్వబ్రాహ్మణుల పేరున ‘బి’ వర్గంలో చేరారు. లోహాన్నీ కర్రనూ రాతినీ తెలిసిన సమూహాలు చదువులో వెనుకబడినవిగా ప్రభుత్వ దస్త్రంలో నమోదయ్యాయి. ఆ నమోదు న్యాయమైనది, అవసరమైనది. తెలిసినవారు చదవనివారు ఎలా అయ్యారన్న ప్రశ్న దాని వెనుక ఉండిపోయింది. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం కమ్మరితో సహా పద్దెనిమిది వృత్తులవారికి శిక్షణ, పదిహేను వేల రూపాయల పనిముట్ల సాయం, తక్కువ వడ్డీకి అప్పు ఇస్తుంది. పనిముట్టు అవసరమైనదే. కాని ఆ పథకం వృత్తిదారును సాయం అందుకునేవాడిగా చూసింది, చెప్పదగిన జ్ఞానం ఉన్నవాడిగా చూడలేదు.

లోహనగరంలో చదువు మెట్లు

స్వాతంత్ర్యం తరువాత హైదరాబాదు ఒక రకంగా లోహనగరం అయింది. 1963లో రక్షణ లోహశోధన ప్రయోగశాల, 1971లో అణు ఇంధన సముదాయం, 1973లో మిధాని, 1997లో బాలాపూర్‌లో చూర్ణ లోహశాస్త్ర కేంద్రం ఏర్పడ్డాయి. చందానగర్ పక్కన భెల్ టర్బైన్లు తయారుచేసింది. కోనసముద్రం నుంచి ఈ నగరానికి కొన్ని గంటల ప్రయాణం. కొలిమి నుంచి ప్రయోగశాలకు మధ్య దూరం మాత్రం చదువు మెట్లలో కొలవాలి. ఐటీఐ, డిప్లొమా, ఇంజనీరింగు, పరిశోధన అనే ఆ మెట్లలో పైకి పోయేకొద్దీ తెలుగు తగ్గి ఇంగ్లీషు పెరుగుతుంది. ఫిట్టరు, టర్నరు, వెల్డరు ఒకరితో ఒకరు తెలుగులో మాట్లాడుకుంటారు. ఆ పని మీద రాసే పరిశోధన పత్రంలో తెలుగుకు చోటు లేదు.

ఈ అంతరాన్ని పూడ్చే ప్రయత్నాలు ఈ నగరంలోనే జరిగాయి. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో శాస్త్రాలు బోధించడానికి అనువాద సంస్థను నెలకొల్పి పరిభాషను నిర్మించింది. ఒక భారతీయ భాష ఆధునిక శాస్త్రాన్ని మోయగలదని ఆ ప్రయత్నం చూపింది. అయితే ఆ భాష తెలంగాణ పల్లెల్లో అధిక సంఖ్యాకుల ఇంటిభాష కాదు. 1968లో తెలుగు అకాడమి ఏర్పడి కళాశాల స్థాయిలో తెలుగు పాఠ్యగ్రంథాలు తెచ్చింది. వాటి వల్ల ఎన్నో గ్రామీణ కుటుంబాల మొదటి తరం పట్టభద్రులయ్యారు. కాని ఆ పరిభాష ఎక్కువగా సంస్కృతం నుంచి వచ్చింది, కొలిమి మాట అందులోకి రావడం అరుదు. కాఠిన్యం పుస్తకంలోకి వచ్చింది, పదును రాలేదు. తెలుగులో చదివే కమ్మరి ఇంటి పిల్లకు కూడా తన ఇంటి మాట పుస్తకంలో ఎదురుపడలేదు.

ఇప్పుడు గాలి ఇంగ్లీషు వైపు ఉంది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడులను ఇంగ్లీషు మాధ్యమానికి మార్చడానికి ఇచ్చిన ఉత్తర్వులను 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టివేసింది. తెలంగాణ ప్రభుత్వం 2022–23 నుంచి ప్రభుత్వ పాఠశాలల్లో ఇంగ్లీషు మాధ్యమాన్ని ప్రవేశపెట్టింది. 2021లో సాంకేతిక విద్యామండలి తెలుగుతో సహా కొన్ని భారతీయ భాషల్లో ఇంజనీరింగు బోధనకు అనుమతించినా ఆదరణ స్వల్పమే. దళిత బహుజన మేధావులు ఇంగ్లీషును కోరడంలో గట్టి కారణం ఉంది. పై కులాలవారి పిల్లలు ఇంగ్లీషులో చదువుతుండగా మిగిలినవారిని మాతృభాష పేరుతో ఆపడం అన్యాయమన్న వారి వాదాన్ని తెలుగు శాఖలు గౌరవంగా వినాలి. ఈ వాదంలో ముందున్న కంచ ఐలయ్యే 2007లో పిల్లల కోసం శ్రమ గౌరవం మీద ఇంగ్లీషులో ఒక పుస్తకం రాశారు. తోలుపనివారు, కుమ్మర్లు, నేతగాళ్ళు, చాకలివారు ఈ దేశపు తొలి శాస్త్రజ్ఞులన్నది దాని సారాంశం. ఇంగ్లీషు చదువు కావాలని, అందులో కుండా మగ్గమూ పాఠాలు కావాలని ఆయన రెండూ కోరారు. మొదటి కోరికను ప్రభుత్వాలు విన్నాయి. రెండోది ఇంకా మిగిలే ఉంది.

ప్రవేశం, నిలకడ

గచ్చిబౌలిలో రెండు కేంద్రీయ విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయంలో బోధన ఇంగ్లీషులో, 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ విశ్వవిద్యాలయంలో ఉర్దూలో సాగుతుంది. చుట్టూ ఉన్న జనంలో ఎక్కువమంది మాట్లాడే తెలుగు అక్కడ ఒక శాఖగా ఉంది. రిజర్వేషన్ల వల్ల గ్రామాల నుంచి, వృత్తికులాల నుంచి, దళిత ఆదివాసీ కుటుంబాల నుంచి పరిశోధక విద్యార్థులు ఈ ప్రాంగణాలకు చేరారు. అయితే ప్రవేశం ఒకటి, నిలదొక్కుకోవడం మరొకటి. 2016 జనవరి 17న హైదరాబాదు విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల ఆత్మహత్య చేసుకున్నప్పుడు ఈ తేడా దేశమంతటా చర్చకు వచ్చింది. ఆయన అంబేద్కర్ విద్యార్థి సంఘంలో పనిచేశారు, విజ్ఞానం సాంకేతికత సమాజం అనే రంగంలో పరిశోధన చేస్తున్నారు, కార్ల్ సేగన్ వంటి విజ్ఞాన రచయిత కావాలని కోరుకున్నారు. శాస్త్రాన్నీ సమాజాన్నీ ఒకే చూపులో నిలపాలనుకున్న రచయిత తయారవుతున్న దశలోనే పోయాడు. వివక్ష నివారణకు విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2012లోనే నిబంధనలు చేసింది. నిబంధన కాగితం మీద ఉండడానికీ, వసతి గృహంలో, ప్రయోగశాలలో, పర్యవేక్షకుల గదిలో అమలు కావడానికీ మధ్య ఎంత దూరముందో ఆ మరణం చూపింది.

ప్రాంగణం గోడల బయట మరో పదార్థ జ్ఞానం రోజూ పనిచేస్తోంది. చందానగర్ నుంచి కొండాపూర్, గచ్చిబౌలి దాకా లేచిన బహుళ అంతస్తుల భవనాలను పాలమూరు నుంచి, ఉత్తరాంధ్ర నుంచి, ఒడిశా, బీహారుల నుంచి వచ్చిన కూలీలు కట్టారు. మాలు ఎంత పలుచన ఉండాలో, సెంట్రింగు ఎప్పుడు విప్పాలో, ఎండాకాలం స్లాబుకు నీళ్ళు ఎన్నాళ్ళు పట్టాలో మేస్త్రీకి తెలుసు. తూకంగుండు వేలాడదీసి గోడ నిలువు చూసే తాపీ మేస్త్రీ చేతిలో ఉన్నది కూడా పరీక్షించి నేర్చుకున్న జ్ఞానమే. ఆ జ్ఞానానికి భవన నిర్మాణ కార్మికుల కార్డు దొరకవచ్చు, పట్టా దొరకదు. పని ముగిశాక కుటుంబం మరో చోటికి కదులుతుంది, పిల్లల బడి అక్కడ తెగుతుంది. కోనసముద్రంలో జరిగినదే, కట్టడం కొత్తదైన చోట మళ్ళీ జరుగుతోంది. తేడా ఒక్కటే. ఇది మన కళ్ళెదుట జరుగుతోంది, నమోదు చేయడానికి ఇంకా సమయం ఉంది.

తెలుగు పరిశోధన చేయదగినది

ఈ నమోదుకు తెలుగులో దారి వేసినవారు ఉన్నారు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయం మీద 1962లో, రెండో సంపుటం చేనేత మీద 1971లో వెలువడ్డాయి. ఊరూరా తిరిగి, పనిచేసేవారి నోటి నుంచి మాటలు సేకరించి, ప్రాంతాలవారీగా తేడాలు గుర్తించిన పని అది. తరువాత ఆయన 1986 నుంచి 1993 దాకా హైదరాబాదు విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా ఉన్నారు. ఆ పదకోశాల లక్ష్యం భాషాశాస్త్రపరమైనది. మాట ఎక్కడ మారిందో అవి చూపాయి. ఆ మాట ఏ జ్ఞానాన్ని మోస్తోందో చూపడం తరువాతి తరానికి మిగిలింది.

ఆ మిగిలిన పనికి మూడు దిశలు కనిపిస్తాయి. మొదటిది, వృత్తిపదానికి అర్థం ఇవ్వడంతో ఆగకుండా అది సూచించే పదార్థ స్థితిని పదార్థ విజ్ఞానులతో కలిసి పరిశీలించడం. కాలిన ఇనుము రంగులకు కమ్మరి వాడే మాటలను ఉష్ణమాపకం పక్కన పెట్టి నమోదు చేస్తే, ఆ మాట కొలతగా ఎంత కచ్చితమైనదో తెలుస్తుంది. 2010 ప్రాంతంలో బెంగళూరు జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఇనుము, ఉక్కు తయారీ స్థలాలను సర్వే చేశాయి. స్థానిక పరిశోధకుడు జైకిషన్ పని దానికి తోడైంది. అటువంటి బృందంలో తెలుగు భాషాపరిశోధకులు కూడా ఉండడం సహజం కావాలి. రెండోది, చెప్పినవారి పేరు. క్షేత్రపర్యటనలో జ్ఞానం ఇచ్చిన వ్యక్తిని వక్తల పట్టికలో వయసు, కులం, ఊరు అనే మూడు గడుల్లో కుదించే అలవాటు మన సిద్ధాంత గ్రంథాల్లో ఉంది. అంగీకరించినవారి పేరును వ్యాసంలోనే, ప్రతిపాదన పక్కనే చెప్పడం లండన్ పత్రాల లోటును కొంతైనా తీరుస్తుంది. మూడోది, పాఠ్యపుస్తకం. మాధ్యమం ఏదైనా కావచ్చు. మూస, పదును, చిట్టెం అనే మాటలు విజ్ఞాన పాఠంలో ఉంటే, వాటిని ఇంట్లో విన్న పిల్ల తరగతిలో ఒక్క రోజైనా ముందు వరుసలో ఉంటుంది.

ఉపసంహారం

ఉక్కు అనే మాటకు తెలుగువారి జీవితంలో తరువాత కూడా పెద్ద చోటు దొరికింది. 1966లో విశాఖ ఉక్కు కోసం జరిగిన ఉద్యమంలో అది హక్కుతో ప్రాస కలిపి నినాదమైంది. 2014 విభజన చట్టంలో ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం సాధ్యాసాధ్యాల పరిశీలన అంశంగా చేరింది. రెండు సందర్భాల్లోనూ ఉక్కు అంటే కర్మాగారం, ఉద్యోగం. ఉక్కు అంటే తెలివి కూడానని, ఆ తెలివికి వారసులు ఉన్నారని అడిగే ఉద్యమం ఇంకా రాలేదు.

విద్యలో అసమానతను సాధారణంగా బడికి రాలేనివారి లెక్కతో కొలుస్తారు. ఉక్కు చరిత్ర ఇంకొక కొలత చూపుతుంది. బడి లోపలికి రాలేకపోయిన జ్ఞానం ఎంత, అది ఎవరిది అన్నది ఆ కొలత. పిల్లలను బడికి తెచ్చే పని ప్రభుత్వాలు చేయాలి. వారి ఇంటి జ్ఞానాన్ని బడికి తెచ్చే పని భాష తెలిసినవారు చేయాలి. పదానికి అర్థం చెప్పడం తెలుగు శాఖల నిత్యకృత్యం. పదార్థం అనే మాటకు తొలి అర్థం కూడా అదే కనుక, ఈ పని ఆ శాఖలకు కొత్తగా మోపిన బరువు కాదు, ఇంతకాలం వాయిదా పడిన బాధ్యత.